దుబాయ్‌లో చెట్ల పని, చేతిలో చైన్ మిషన్: వెళ్లే ముందు నేర్చుకోవాల్సింది

ప్రశ్న: అన్నయ్యా, మాది కవిటి మండలం. తిత్లీ తుపానుకు పడిపోయిన కొబ్బరి చెట్లు కొయ్యడంతో ఈ పనిలోకి వచ్చాను. ఇప్పుడు చెట్లెక్కి మట్టలు దించడం, చైన్ మిషన్‌తో మానులు కొయ్యడం రెండూ చేస్తున్నాను. దుబాయ్‌లో తోటల పని చేసే కంపెనీ ఒకటి ట్రీ ప్రూనర్‌గా (కొమ్మలు, మట్టలు కత్తిరించేవాడిగా) తీసుకుంటామంది. రెండు నెలల్లో వెళ్లాలి. అక్కడ వేరే మెకానిక్ ఉండడట, ఎవరి మిషన్ వాళ్లే చూసుకోవాలట. ఇక్కడ నేను కొన్న మిషన్‌కేమో ఆరు నెలలకే పిస్టన్ పట్టేసింది. పెట్రోల్‌లో ఆయిల్ తక్కువ పోసుంటావని షాపాయన అన్నాడు. నేనైతే ప్రతిసారీ సీసా మూతతో కొలిచే పోశాను. ఏటి నేర్చుకుని వెళ్లాలి? ఏ సామాను పట్టుకెళ్లాలి? పాడైన మిషన్ బాగుచేయించి తమ్ముడికి ఇవ్వొచ్చా? తర్వాతెప్పుడైనా ఇంగ్లండ్‌లో ఇదే పనికి ప్రయత్నిస్తే ఈ అనుభవం పనికొస్తుందా?

జవాబు:

తమ్ముడూ, మూతతో కొలిచానన్నావు చూడు, ముందు ఆ అలవాటు మానాలి. ఒక్కో కంపెనీ సీసా మూత ఒక్కో సైజు. పోసేటప్పుడు ఒకసారి నిండుగా పడుతుంది, ఇంకోసారి ముప్పాతికే పడుతుంది. పేరున్న కంపెనీల మిషన్లకు చాలావరకు 50కి 1 పాళ్లు. అంటే లీటరు పెట్రోల్‌కి 20 మి.లీ. టూ-టీ ఆయిల్, 5 లీటర్ల డబ్బాకి 100 మి.లీ. చవక మిషన్లు కొన్నింటి పుస్తకంలో 25కి 1 అని ఉంటుంది, అది లీటరుకి 40 మి.లీ. నీ మిషన్‌తో వచ్చిన పుస్తకంలో ఏముంటే అదే పాటించు. మందుల షాపులో 20 మి.లీ. సిరంజి ఒకటి కొని డబ్బాకి కట్టుకో. ముందు సగం పెట్రోల్ పొయ్యి, ఆయిల్ పోసి బాగా కుదుపు, తర్వాత మిగతా పెట్రోల్ పోసి మళ్లీ కుదుపు. మిషన్‌లో నింపే ప్రతిసారీ డబ్బాని ఒకసారి కుదపాలి.

ఆయిల్ రకం కూడా చూడు. బారువ, భావనపాడు తీరంలో బోటు ఇంజన్లకు వాడే టూ-టీ చేతికి దొరికిందని పొయ్యకు. అది నీళ్లతో చల్లబడే ఇంజన్ల కోసం చేసింది. చైన్ మిషన్ గాలితో చల్లబడుతుంది, దాని సిలిండర్ వేడి ఆ ఆయిల్ తట్టుకోదు. సీసా మీద జాసో ఎఫ్‌డి (ఆయిల్ నాణ్యత గుర్తు) అని ఉన్నది తీసుకో, లేదా మిషన్ కంపెనీ సొంత ఆయిల్ వాడు.

ఇక పెట్రోల్ సంగతి. ఇప్పుడు మన బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్ గాల్లో తేమను లాక్కుంటుంది, సముద్రం పక్కన ఉద్దానంలో తేమకి కొదవ లేదు. డబ్బా మూత సరిగా బిగించకుండా నెల రోజులు ఉంచితే ఇథనాల్, నీళ్లు కలిసి అడుగుకు దిగిపోతాయి. టూ-టీ ఆయిల్ మాత్రం ఆ నీళ్లతో కలవదు, పైన పెట్రోల్‌లోనే ఉండిపోతుంది. ట్యాంకులో పెట్రోల్ పీల్చే ఫిల్టర్ ఉండేది అడుగునే కదా, అంటే ఆయిల్ లేని భాగం ముందు ఇంజన్‌లోకి వెళ్తుంది. నువ్వు కొలత సరిగ్గా పోసినా పిస్టన్ పట్టేయడానికి ఇదొక దారి. రెండోది, ఇథనాల్ ఎక్కువైతే ఇంజన్‌లో పెట్రోల్ పాలు పలచబడి వేడి పెరుగుతుంది. కార్బొరేటర్‌లో ఉండే పలచటి రబ్బరు పొర కూడా త్వరగా గట్టిపడుతుంది. చాలా మిషన్ల పుస్తకాల్లో ఇథనాల్ 10 శాతం దాటకూడదని రాసి ఉంటుంది, మనకి ఇక్కడ వేరే దారి లేదు కాబట్టి వారం పది రోజుల్లో అయిపోయేంతే కలుపుకోవాలి. పని లేని రోజులు వస్తున్నాయంటే ట్యాంకు ఖాళీ చేసి, మిషన్ స్టార్ట్ చేసి, దానంతట అది ఆగేదాకా ఐడ్లింగ్‌లో వదిలెయ్యి.

అసలు కారణం పిస్టనే చెప్తుంది. సైలెన్సర్ విప్పితే ఆ కంతలోంచి పిస్టన్ పక్క కనిపిస్తుంది, టార్చి వేసి చూడు. గీతలు సైలెన్సర్ వైపు మాత్రమే ఉంటే వేడెక్కి పట్టేసిందని: పెట్రోల్ పాలు తక్కువై ఉండాలి, లేదా ఎక్కడో గాలి లీకై ఉండాలి, లేదా సిలిండర్ రెక్కల మధ్య పొట్టు పేరుకుని చల్లగాలి తగలక పోయి ఉండాలి. చుట్టూరా గీతలుంటే ఆయిల్ లేని పెట్రోల్ నడిచింది, షాపాయన మాట నిజమే. కార్బొరేటర్ వైపు మెరుపు పోయి బూడిదరంగుగా అరిగి ఉంటే దుమ్ము లోపలికి పోయింది, తప్పు ఎయిర్ ఫిల్టర్‌ది. ఇది చూడకుండా కొత్త పిస్టన్ వేయించావో, అదీ ఆరు నెలలే.

నిజానికి పిస్టన్ కంటే ముందు పాడయ్యేది చైన్. రెండు నెలల్లో ఒక్కటే నేర్చుకోగలిగితే ఆకురాయి (ఫైలు) పట్టి చైన్‌కి పదును పెట్టడం నేర్చుకో. మొద్దుబారిన చైన్ తనంతట తాను కొయ్యదు కాబట్టి మనిషి మిషన్ మీద బరువేసి నొక్కుతాడు. రేసు పూర్తిగా ఇచ్చి నిమిషాల తరబడి అలాగే పట్టుకుంటాడు. ఇంజన్ కాగుతుంది, చైన్ తిరిగే పొడుగాటి పట్టీ, అంటే బార్, దాని అంచులు నీలం రంగుకి తిరుగుతాయి, క్లచ్ జారి డ్రమ్ము కాలుతుంది. కొన్ని మిషన్లలో ఆయిల్ పంపుని తిప్పే పళ్లచక్రం ప్లాస్టిక్‌దే, ఆ వేడికి అది కరుగుతుంది. అప్పుడు చైన్‌కి ఆయిల్ అందదు, ఇంకా వేడెక్కుతుంది. చివరికి బిల్లు ఇంజన్ పేరు మీద వస్తుంది గాని, మొదలైంది చైన్ పన్ను దగ్గర. మంచి చైన్ నుంచి పెసరగింజంత తునకలు ఎగిరిపడాలి. గోధుమపిండిలా పొట్టు రాలుతోందంటే ఆ క్షణమే ఆపి పదును పెట్టు.

ముందు చైన్ ఏదో గుర్తుపట్టాలి. మూడు కొలతలు రాసుకో: పిచ్, గేజ్, లోపలి పళ్ల సంఖ్య. వరసగా మూడు రివెట్లు తీసుకుని మొదటి దాని మధ్య నుంచి మూడో దాని మధ్యకి కొలిచి సగం చేస్తే పిచ్ వస్తుంది. సగం చెయ్యకముందు మొత్తం 19 మి.మీ. వస్తే అది 3/8 అంగుళం, 16.5 వస్తే పాయింట్ 325, 12.7 వస్తే 1/4. గేజ్ అంటే బార్ గాడిలో కూర్చునే పన్ను మందం: 1.1, 1.3, 1.5, 1.6 మి.మీ.లలో ఏదో ఒకటి. చెట్టెక్కి వాడే చిన్న మిషన్లకు ఎక్కువగా వచ్చేది 3/8 లోనే చిన్న రకం, దానికి 4 మి.మీ. గుండ్రటి ఆకురాయి. పాయింట్ 325కి 4.8 మి.మీ. పెద్ద 3/8కి చైన్ కంపెనీని బట్టి 5.2 గాని 5.5 గాని. తప్పు సైజు ఆకురాయి పడితే పన్నుకి కొక్కెంలా వంపు వస్తుంది, లేదంటే అంచు నిలువుగా మొండిగా మిగిలిపోతుంది.

పదును పెట్టేటప్పుడు బార్‌ని వైస్‌లో గాని, మోడులో చిన్న గాటు పెట్టి అందులో గాని కదలకుండా బిగించు. చైన్ బ్రేక్ వేసుకో. ఆకురాయి ఎప్పుడూ పన్ను లోపలివైపు నుంచి బయటికి తోయాలి, వెనక్కి లాగేటప్పుడు ఎత్తెయ్యాలి. రెండు వైపులా రాస్తే ఆకురాయి పళ్లే పోతాయి. కోణం 30 డిగ్రీలు. పన్ను వెనక అంచు దగ్గర చిన్న గీత గుర్తుగా ఉంటుంది, దానికి సమాంతరంగా పట్టుకో. ఆకురాయి మందంలో ఐదో వంతు పన్ను పైకి కనిపించాలి. మామూలు పదునుకి పన్నుకి రెండు మూడు రాతలు చాలు. రాయి తగిలి ఏదైనా పన్ను విరిగితే మాత్రం ముందు అన్నిటికన్నా పొట్టి పన్ను వెతికి, మిగతావన్నీ దాని పొడవుకే తీసుకురావాలి. ఒకవైపు పళ్లు పొడుగు, రెండోవైపు పొట్టి అయితే కోత పక్కకి పోతుంది. పళ్లు సమానంగా ఉన్నా కోత పక్కకే పోతోందంటే బార్ అంచులు ఒకవైపు అరిగాయని.

పన్ను ముందు డెప్త్ గేజ్ అనే చిన్న బుడిపె ఉంటుంది, ఎంత లోతు కొయ్యాలో నిర్ణయించేది అదే. పన్ను అరిగేకొద్దీ పన్ను ఎత్తు తగ్గి బుడిపె ఎత్తుగా మిగులుతుంది, అప్పుడు పదునున్నా చైన్ కొయ్యదు. నాలుగైదు పదునులకు ఒకసారి గేజ్ పట్టీ పెట్టి, బల్లపరుపు ఆకురాయితో దాన్ని దించాలి. చిన్న 3/8, పాయింట్ 325 రెంటికీ 0.65 మి.మీ. తేడా ఉండాలి. త్వరగా కొయ్యాలని మన దగ్గర చాలామంది దాన్ని కళ్లతో చూసి ఎక్కువ దించేస్తారు. అలా చేస్తే చైన్ చెక్కని లంకించుకుంటుంది, మిషన్ ఎదురు తంతుంది. చెట్టు మీద ఉన్నప్పుడు ఆ తన్ను మొహం మీదికే వస్తుంది.

ఉద్దానం ఇసుకలో పడున్న కొబ్బరి మాను కోసిన చేతికి ఎడారి ఇసుక కొత్తేమీ కాదు. ఖర్జూరం బోదెకు మిగిలిపోయిన పాత మట్టల మొదళ్ల మధ్య ఇసుక నిండిపోయి ఉంటుంది. చైన్ కొనేటప్పుడు పన్ను మూల చదరంగా ఉన్నది కాకుండా గుండ్రంగా ఉన్నది అడుగు, దాన్ని సెమీ చిజిల్ అంటారు. చదర మూలది శుభ్రమైన కలపలో వేగంగా కోస్తుంది గాని ఇసుక తగలగానే చస్తుంది. గుండ్రటిది కొంచెం నెమ్మది, కాని ఎక్కువసేపు నిలుస్తుంది. తాటిజాతి చెట్ల పీచు ఇంకో తంటా. అది పొట్టులా రాలిపోకుండా చైన్‌ని తిప్పే పళ్లచక్రం (స్ప్రాకెట్) చుట్టూ, క్లచ్ డ్రమ్ము చుట్టూ చుట్టుకుంటుంది. పెట్రోల్ నింపే ప్రతిసారీ సైడు కవరు విప్పి పీచు లాగి పారెయ్యి. పచ్చి మాను నీరు చైన్‌కి తుప్పు పట్టిస్తుంది, కాబట్టి సాయంత్రం చైన్ తీసి తుడిచి, ఆయిల్‌లో ముంచి ఉంచు.

బార్‌ని చైన్ మార్చినప్పుడల్లా తిరగేసి బిగించు, అప్పుడు రెండు అంచులూ సమంగా అరుగుతాయి. గాడిలో పొట్టు పలచటి పుల్లతో గీకు, ఆయిల్ వచ్చే కంత తెరిచి ఉందో లేదో చూడు. ముక్కు చక్రానికి గ్రీజు కంత ఉంటే రోజూ గ్రీజు కొట్టాలి. చైన్ ఆయిల్‌గా కారు నుంచి తీసిన పాత ఇంజన్ ఆయిల్ పోసే అలవాటు ఉంటే ఇక్కడే వదిలేసి వెళ్లు. దాంట్లో లోహపు నలుసులు పంపుని తినేస్తాయి, పైగా చర్మానికి పడి పడి క్యాన్సర్ తెచ్చే సరుకు అది. చైన్ ఆయిల్ దొరక్కపోతే కొత్త ఎస్.ఎ.ఇ. 30 ఇంజన్ ఆయిల్ పొయ్యి. ఒక ట్యాంకు పెట్రోల్ అయ్యేసరికి ఆయిల్ ట్యాంకు కూడా దాదాపు ఖాళీ అవ్వాలి. ఇంకా నిండుగా ఉందంటే ఆయిల్ రావట్లేదు. అట్టముక్క దగ్గరగా బార్ ముక్కు పట్టి రేసు ఇస్తే అట్ట మీద ఆయిల్ చార పడాలి.

చైన్ బిగువు ఎప్పుడూ చల్లగా ఉన్నప్పుడు చూడు. బార్ కింద వేలాడకూడదు, చేత్తో లాగితే తిరగాలి. కోస్తుంటే వేడికి సాగుతుంది, అప్పుడు బిగిస్తే పని ఆపాక తప్పకుండా వదులు చెయ్యాలి. మర్చిపోతే చల్లారి బిగుసుకున్న చైన్ క్రాంకు బేరింగుల్ని లాగేస్తుంది. రెండు చైన్లు మార్చి మార్చి వాడి, రెండూ అరిగిపోయాక స్ప్రాకెట్ కూడా మార్చెయ్యి. పాత స్ప్రాకెట్ మీద కొత్త చైన్ వేస్తే వారంలో సాగిపోతుంది.

మిషన్ ఆగిపోతే తాడు లాగుతూ చెమట కార్చుకోవద్దు. వరస ఒకటి పెట్టుకో. ముందు ప్లగ్గు విప్పు. తడిగా ఉందా, పొడిగా ఉందా? తడిగా ఉంటే పెట్రోల్ వస్తోంది, నిప్పురవ్వ లేదు, లేదా ఎక్కువైపోయి ముంచుకుపోయింది. చోక్ తీసేసి, మిషన్ తిరగేసి, ప్లగ్గు లేకుండా ఐదారుసార్లు తాడు లాగి లోపలి పెట్రోల్ పోనివ్వు. కొత్త ప్లగ్గు పెట్టి చూడు. ప్లగ్గు మొనల మధ్య ఖాళీ 0.5 మి.మీ. ఉండాలి. రవ్వ చూడాలంటే ప్లగ్గుని సిలిండర్ లోహానికి ఆనించి, ప్లగ్గు కంతకి దూరంగా పెట్టి లాగాలి, ఆ కంతలోంచి వచ్చే పెట్రోల్ ఆవిరి అంటుకోగలదు. పొడిగా ఉంటే పెట్రోల్ రావట్లేదు. ట్యాంకులో ఫిల్టర్‌ని తీగ కొక్కెంతో బయటికి లాగి చూడు, నల్లగా జిడ్డుగా ఉంటే మార్చు. పైపు పగిలిందేమో వంచి చూడు.

స్టార్టయి పది నిమిషాలకు ఆగిపోయి, ట్యాంకు మూత వదులు చేస్తే మళ్లీ నడుస్తోందంటే ట్యాంకు గాలి కంత మూసుకుపోయింది. కార్బొరేటర్ విప్పేసి కూర్చునే ముందు దీన్ని చూడు, చాలామంది చూడరు. ఐడ్లింగ్‌లో బాగుండి రేసు ఇస్తే పడిపోతోందంటే ఎయిర్ ఫిల్టర్, పెట్రోల్ ఫిల్టర్, సైలెన్సర్ నోట్లోని జల్లెడ, ఈ వరసలో వెళ్లు. ఆ జల్లెడ మసితో మూసుకుపోతే ఇంజన్ ఊపిరాడక ముక్కుతుంది, ఇత్తడి బ్రష్‌తో రుద్దితే సరిపోతుంది. ప్లగ్గు మొన లేత గోధుమ రంగులో ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువ, గాలి తక్కువ. తెల్లగా మాడినట్టుంటే పెట్రోల్ తక్కువ, అదే ప్రమాదం, వెంటనే ఆపు.

కార్బొరేటర్ స్క్రూల్లో నువ్వు భయం లేకుండా తిప్పాల్సింది ఐడ్లింగ్ స్క్రూ ఒక్కటే. రేసు వదిలాక చైన్ పూర్తిగా ఆగాలి, తిరుగుతూనే ఉంటే ఐడ్లింగ్ తగ్గించు. అయినా ఆగకపోతే క్లచ్ స్ప్రింగు చూడు. ఫుల్ రేసులో పెట్రోల్ పాళ్లు మార్చే, హెచ్ అని రాసున్న స్క్రూని సొంతంగా బిగించకు. బిగిస్తే సౌండు పెరుగుతుంది, బలం పెరిగినట్టే అనిపిస్తుంది, కాని పెట్రోల్‌తోపాటు ఆయిల్ కూడా తగ్గిపోతుంది. మిషన్లు చేజేతులా చంపుకునేది అక్కడే. సరిగ్గా ఉన్న మిషన్ ఖాళీగా ఫుల్ రేసులో కాస్త గరగరమంటుంది, కోతలోకి దిగగానే గొంతు సాఫీ అవుతుంది. ఆ తేడా చెవికి పట్టాలి. కార్బొరేటర్ పొరలు మార్చాల్సి వస్తే విప్పే ప్రతి దశనీ సెల్‌లో ఫోటో తీసుకో, పొర, గాస్కెట్ తారుమారైతే మిషన్ లేవదు.

అక్కడి ఎండలో రెండు మూడు విషయాలు వేరుగా ఉంటాయి. వేడి మిషన్ ట్యాంకు మూత గబుక్కున తిప్పితే లోపలి ఒత్తిడికి పెట్రోల్ పైకి చిమ్ముతుంది. నీడలో పెట్టి, కాస్త చల్లారాక, మూత మెల్లగా వదులు చేసి గాలి పోనిచ్చి తర్వాత తియ్యి. నింపిన చోటి నుంచి 3 మీటర్లు పక్కకి జరిగి స్టార్ట్ చెయ్యి. వేడిగా ఉన్న మిషన్‌కి చోక్ వెయ్యకు, ముంచుకుపోతుంది. ఎయిర్ ఫిల్టర్ ఇక్కడ వారానికోసారి చూసేవాడివేమో, అక్కడ రోజూ చూడాలి. దులిపి, సబ్బు నీళ్లలో కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టాలి. రెండు ఫిల్టర్లుంటే ఒకటి ఆరుతుంటే ఒకటి నడుస్తుంది. కంప్రెసర్ గాలి కొడితే లోపలి నుంచి బయటికి, దూరం నుంచి కొట్టు. దగ్గర పెడితే ఫిల్టర్‌కి చిల్లు పడి, దుమ్ము నేరుగా పిస్టన్‌కి చేరుతుంది.

నీకూ అదే జాగ్రత్త కావాలి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని నియమం ఉంది. ఆ వేళ మిషన్లు రిపేరు చెయ్యమంటే నీడలోనే చెయ్యి, ముందు నీళ్లు, తిండి కానివ్వు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం మనిషివి కాబట్టి ఇంకో మాట. వెళ్లేముందు వీసా మెడికల్‌తో సరిపెట్టుకోకుండా సీరమ్ క్రియాటినిన్ పరీక్ష (కిడ్నీల పనితీరు చూపే రక్తపరీక్ష) విడిగా చేయించుకో, తేడా కనిపిస్తే పలాస కిడ్నీ ఆసుపత్రిలో చూపించుకున్నాకే టికెట్ సంగతి ఆలోచించు. నడుం నొప్పికి డైక్లోఫెనాక్ లాంటి బిళ్లలు ఎండలో, నీళ్లు తాగకుండా మింగడం మూత్రపిండాలకు చాలా చెడు.

చెట్టెక్కే సామాను గురించి. మోకు, కాళ్ల బంధం అలవాటున్నవాడికి హార్నెస్ (నడుముకి, తొడలకి కట్టుకునే పట్టీల కట్టు) మొదట్లో ఇరుకుగా ఉంటుంది, నాలుగు రోజుల్లో అలవాటవుతుంది. చెట్టు మీద మిషన్ నడిపేటప్పుడు రెండు వేరు వేరు కట్లు ఉండాలి, అందులో మిషన్‌కి దగ్గరగా వచ్చేది లోపల ఉక్కు తీగ ఉన్న తాడైతే మంచిది. నైలాన్ తాడు చైన్ తగిలితే ఒక్క క్షణం ఆగదు. రోజూ పొద్దున తాడు మొత్తం చేతుల్లోంచి పోనిస్తూ చూడు: గట్టి ముడిలాంటి చోట్లు, పలచబడ్డ చోట్లు, కరిగి మెరుస్తున్న చోట్లు ఉంటే పక్కన పెట్టాలి. పెట్రోల్, బ్యాటరీ నీళ్లు, ఎండ మూడూ తాడుకి పడవు. మిషన్ డబ్బాలో తాడు వెయ్యకు. మట్టి పట్టిన తాడుని మెత్తటి సబ్బుతో చల్లనీళ్లలో కడిగి నీడలో ఆరవెయ్యి. కారాబినర్ (తాడు తగిలించే ఇనుప కొక్కెం) గేటు తనంతట తాను మూసుకుని తాళం పడాలి. ఇసుకతో బిగుసుకుంటే కడిగి, ఆరాక పొడి కందెన వెయ్యి. ఆయిల్ వేస్తే ఇసుక ఇంకా పట్టుకుంటుంది.

ముళ్ల బూట్లు బతికున్న తాటిజాతి చెట్టు మీద వాడొద్దు. వేప, మామిడి గాయం మాన్పుకున్నట్టు కొబ్బరి, ఖర్జూరం మాన్పుకోలేవు. ఆ కంతలు జన్మంతా ఉంటాయి, తాజా గాయం వాసనకి ఎర్రముక్కు పురుగు వస్తుంది. ఆ పురుగు మన కొబ్బరికీ శత్రువే, గల్ఫ్ ఖర్జూరాలకీ శత్రువే. కొబ్బరి మట్ట మొదట్లో ముళ్లుండవు, ఖర్జూరానికి ఉంటాయి, కళ్లద్దాలు లేకుండా మొవ్వు దగ్గరికి తలపెట్టకు. పాత మట్టల మొదళ్ల మీద కాలు పెట్టేముందు అది కుళ్లలేదని చూసుకో. వాషింగ్టోనియా అనే పొడుగాటి తాటిజాతి చెట్టుకి ఎండు మట్టలు గొడుగులా కిందికి వేలాడుతుంటాయి. ఆ గొడుగు కిందికి దూరి కొయ్యడం మొదలుపెడితే మొత్తం ఒక్కసారిగా జారి మీద కూలుతుంది, దాని బరువుకి ఊపిరాడక మనుషులు చనిపోయారు. దాన్ని పైనుంచి గాని లిఫ్టు బుట్టలో నిలబడి గాని కొయ్యాలి, ఫోర్‌మన్ తొందరపెట్టినా ఒప్పుకోకు.

చైన్ మిషన్ ప్యాంటు ఎండలో నరకంలా ఉంటుంది, అయినా వేసుకో. దాంట్లో పొడుగాటి నారలు చైన్‌కి చుట్టుకుని స్ప్రాకెట్‌ని ఆపేస్తాయి, రక్షణంతా అదే. చినిగితే పైబట్ట వరకే కుట్టాలి, లోపలి పొరల్ని కలిపి కుట్టేస్తే నారలు బయటికి రాలేవు. చైన్ ఒకసారి లోపలి పొరని తాకిన ప్యాంటు ఇక పనికిరాదు. ముక్కలు చేసే చిప్పర్ మిషన్ దగ్గర మాత్రం వదులు చేతుల గ్లోవ్స్, తాళ్లు దగ్గరికి రానివ్వకు. కొమ్మ మొదలు ముందుకి పెట్టి వదిలేసి పక్కకి జరుగు. బ్లేడు మార్చేటప్పుడు తాళంచెవి తీసి నీ జేబులో పెట్టుకోవాలి. బ్లేడ్లు ఎప్పుడూ జతగా మార్చాలి, ఒకటి కొత్తది, ఒకటి పాతది పెడితే బరువు తేడాకి డ్రమ్ము అదిరి బేరింగులు పోతాయి.

పట్టుకెళ్లే సామాను కొంచెమే. గుండ్రటి ఆకురాళ్లు 4, 4.8, 5.2 మి.మీ.లలో రెండేసి, బల్లపరుపుది ఒకటి, ఆకురాయి పట్టే గైడు, డెప్త్ గేజ్ పట్టీ, 13-19 సైజు మిషన్ పానా, టి27 స్టార్ స్క్రూడ్రైవర్, చిన్న మైనస్ స్క్రూడ్రైవర్, ఇత్తడి బ్రష్, ప్లగ్గు ఖాళీ కొలిచే 0.5 మి.మీ. ఫీలర్ గేజ్. ఇవన్నీ చెక్-ఇన్ సామానులోనే పెట్టు, చేతి సంచిలో ఉంటే విమానాశ్రయంలో తీసేస్తారు. వాడిన మిషన్ మాత్రం పట్టుకెళ్లొద్దు, ట్యాంకు ఎంత ఖాళీ చేసినా పెట్రోల్ వాసనకే ఆపేస్తారు. పాత హార్నెస్ కూడా వదిలెయ్యి, తయారీ తేదీ, కాగితాలు లేనిదాన్ని పద్ధతున్న కంపెనీ ఎక్కనివ్వదు. అక్కడికి వెళ్లాక ఒక్కో మిషన్‌కి దగ్గర ఉంచమని అడగాల్సినవి: చైన్లు 4, స్ప్రాకెట్లు 2, బార్ 1, ప్లగ్గులు 2, పెట్రోల్ ఫిల్టర్లు 2, ఎయిర్ ఫిల్టర్లు 2, స్టార్టర్ తాడు 3.5 మి.మీ.ది రెండు మీటర్లు, బార్ నట్లు 4. ఆ నట్లు ఇసుకలో పడితే దొరకవు, ఒక్క నట్టు కోసం పూట పని ఆగుతుంది. నోటుపుస్తకంలో మిషన్ నంబరు, తేదీ, ఏది మార్చావో రాసుకో. మిషన్ పాడయిందని నీ మీద పెట్టాలని చూస్తే చూపించడానికి అదే ఆధారం.

కాగితాల సంగతి. విజిట్ వీసా మీద పనికి పంపుతానంటే వెళ్లొద్దు. పదో తరగతి పాసవకపోతే నీ పాస్‌పోర్టు ఇ.సి.ఆర్. (ఎమిగ్రేషన్ అనుమతి తప్పనిసరి) రకం, ప్రభుత్వ ఇ-మైగ్రేట్ ద్వారా ఆ అనుమతి తీసుకోవాలి. ఏజెంటు పేరు ఇ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూసుకో. రిజిస్టరైన ఏజెంటు తీసుకోగలిగే గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. ప్రవాసీ భారతీయ బీమా 10 లక్షలకు ఉంటుంది, రెండేళ్లకు ప్రీమియం 275 రూపాయలే, రసీదు అడిగి తీసుకో. కాంట్రాక్టులో ట్రీ ప్రూనర్ అని ఉందా, ఉత్త లేబర్ అని ఉందా చదివించుకో. జీతంలో తేడా అక్కడే వస్తుంది.

ఇంగ్లండ్ విషయంలో చెట్టెక్కడం వచ్చనడం ఒక్కటే చాలదు, యూనిట్ల వారీగా సర్టిఫికెట్లు అడుగుతారు. అందులో మొట్టమొదటిది చైన్‌సా మెయింటెనెన్స్ అండ్ క్రాస్‌కటింగ్. అంటే చెట్టు ముట్టుకోనిచ్చే ముందు మిషన్ విప్పి, పదును పెట్టి చూపించమంటారు. తర్వాత 380 మి.మీ. దాకా చిన్న చెట్లు పడగొట్టడం, ఆపైన తాడుతో ఎక్కడం, పైన చిక్కుకున్నవాణ్ని దించడం, చెట్టు మీద మిషన్ వాడడం. మనుషుల్ని మోసే తాళ్లు, హార్నెస్‌లని అక్కడ చట్టం ప్రకారం ఆరు నెలలకోసారి అర్హత ఉన్న మనిషి పరీక్షించాలి. దుబాయ్‌లో ఆ నోటుపుస్తకం అలవాటు చేసుకుంటే అక్కడ పని తేలికవుతుంది. వీసా దొరకడం మాత్రం వేరే కథ, కేవలం చెట్ల పని మీద ఎవరైనా గ్యారంటీగా పంపిస్తానంటే డబ్బు కట్టకు.

ఇక నీ పాత మిషన్. సిలిండర్ లోపల వేలిగోరుతో గీసి చూడు. గోరు పట్టుకోని గీతలైతే, పిస్టన్ అల్యూమినియం అంటుకున్నంతే అయితే, మెకానిక్ అది శుభ్రం చేసి కొత్త పిస్టన్, రింగు వేస్తే నడుస్తుంది. గోరు పట్టుకుంటే లోపలి గట్టి పూత పోయింది, సిలిండర్ సెట్టే మార్చాలి. ఆ ఖర్చు కొత్త మిషన్ ధరలో సగం దాటితే వదిలెయ్యి. బిగించే ముందు కార్బొరేటర్‌కి, సిలిండర్‌కి మధ్య రబ్బరు గొట్టం పగిలిందేమో, క్రాంకు సీళ్ల దగ్గర ఆయిల్ తడి ఉందేమో చూపించు, గాలి లీకు అక్కడే ఉంటుంది. బాగుచేశాక మొదటి రెండు మూడు ట్యాంకులు ఖాళీగా ఫుల్ రేసులో ఉంచకుండా చిన్న కొమ్మలు కోయించు. తర్వాత నట్లు మళ్లీ బిగించి, ప్లగ్గు విప్పి రంగు చూసి, అప్పుడు మానుల పనికి ఇవ్వు.